విధివాక్యం ఎక్కడుంది? ప్రభుత్వ కార్యాలయాల ఓపెన్ సోర్స్ విధానపత్రాలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రభుత్వ కంప్యూటర్లలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తప్పనిసరి చేయాలన్న విధానాలపై చర్చ సాధారణంగా ఖర్చు, భద్రత, వాడకంలో సౌలభ్యం అనే మూడు అంశాల చుట్టూ సాగుతుంది. ఆ విధానాలను ప్రకటించిన పత్రాల భాషను పరిశీలించిన సందర్భాలు తక్కువ. పెరూ దేశపు 1609వ నంబరు బిల్లు (2001), దానిపై నడిచిన లేఖావివాదం (2002), భారత ప్రభుత్వ ఓపెన్ సోర్స్ విధానపత్రం (2015) అనే పాఠాలను పూర్వమీమాంస వాక్యవిభాగం ఆధారంగా చదివి, వాటిలో వాస్తవంగా విధించినది ఏమిటో తేల్చడం ఈ వ్యాస లక్ష్యం. కేరళ, మ్యూనిక్ అనుభవాలనూ, తెలుగు దస్త్రాల స్థితినీ ఈ నిర్ధారణకు పరీక్షగా స్వీకరించడం జరిగింది.

కీలక పదాలు: ఓపెన్ సోర్స్, విధానపత్రం, విధి, అర్థవాదం, పరిసంఖ్య, మినహాయింపు, యూనికోడ్, తెలుగు దస్త్రాలు.

1. ప్రవేశిక

సోర్స్ కోడ్‌ను చదివే, మార్చే, పంచే హక్కును వాడుకరికి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఈ హక్కులను తయారీ సంస్థ తన వద్దనే ఉంచుకున్నది యాజమాన్య సాఫ్ట్‌వేర్. ఒక వ్యక్తి తన ఇంట్లో వీటిలో దేనిని వాడుకుంటాడన్నది అతని ఇష్టం. ప్రభుత్వం విషయం వేరు. భూమి రికార్డులు, జనన మరణ నమోదు, పింఛను, పన్ను, పరీక్షా ఫలితాలు ఇవన్నీ పౌరుడు ప్రభుత్వానికి అప్పగించిన సమాచారం. ఆ సమాచారం ఏ రూపంలో నిలువ ఉంటుంది, దానిని తెరిచే తాళం ఎవరి చేతిలో ఉంటుంది అన్నది పౌరుడు ఎంచుకోగల విషయం కాదు. అందువల్లనే ఈ ఎంపికకు ఒక నియమం ఉండాలన్న వాదం పుట్టింది.

ఆ నియమాన్ని ప్రకటించిన పత్రాలు మాత్రం ఒకే గొంతుతో మాట్లాడవు. కొన్ని 'తప్పనిసరి' అంటాయి. కొన్ని 'ప్రాధాన్యం' అంటాయి. కొన్ని 'ప్రయత్నిస్తుంది' అంటాయి. పత్రికల్లో వచ్చే వార్తలు ఈ భేదాన్ని పాటించకుండా అన్నింటినీ 'ప్రభుత్వం ఓపెన్ సోర్స్‌ను తప్పనిసరి చేసింది' అన్న ఒకే వాక్యంలోకి మారుస్తాయి. విధానం విఫలమైందన్న విమర్శ కూడా చాలాసార్లు ఈ పొరపాటు మీదనే నిలబడుతుంది. విధించనిదానిని విధించినట్లు భావించి, అది అమలు కాలేదని చింతించడం అందులో కనిపిస్తుంది. కాబట్టి అమలును విచారించే ముందు వాక్యాన్ని విచారించాలి.

2. పఠనపద్ధతి: విధి, అర్థవాదం, పరిసంఖ్య

ఆజ్ఞారూపమైన పాఠాన్ని చదివే పద్ధతిని భారతీయ సంప్రదాయంలో పూర్వమీమాంస అత్యంత సూక్ష్మంగా అభివృద్ధి చేసింది. లౌగాక్షి భాస్కరుని అర్థసంగ్రహం వేదవాక్యాలను విధి, మంత్రం, నామధేయం, నిషేధం, అర్థవాదం అని ఐదుగా విభజిస్తుంది. పనిని ఆజ్ఞాపించేది విధి. ఆ పనిని ప్రశంసించి, లేదా దానికి విరుద్ధమైన దానిని నిందించి, విధికి బలం చేకూర్చేది అర్థవాదం. అర్థవాదం స్వతంత్రంగా ఏ పనినీ ఆజ్ఞాపించదు.

విధిలో మళ్ళీ మూడు భేదాలున్నాయి. వేరే ప్రమాణం వల్ల తెలియని పనిని చెప్పేది అపూర్వవిధి. ఒక పనికి అనేక మార్గాలు ఉన్నప్పుడు వాటిలో ఒకదానిని స్థిరపరచేది నియమవిధి. వడ్ల పొట్టును గోళ్ళతో ఒలిచి తీయవచ్చు, రోకటితో దంచీ తీయవచ్చు, దంచాలన్నది నియమం. రెండూ ఏకకాలంలో ప్రాప్తించినప్పుడు ఒకదానిని తొలగించడమే తాత్పర్యంగా గలది పరిసంఖ్య. ఐదుగోళ్ళ జంతువులలో ఐదింటిని తినవచ్చునన్న వాక్యానికి తినమని చెప్పడం ఉద్దేశం కాదు, మిగిలినవాటిని వదలమనడమే ఉద్దేశం. తొలగింపును శబ్దమే చెబితే అది శ్రౌతపరిసంఖ్య. తాత్పర్యాన్ని బట్టి ఊహిస్తే లాక్షణిక పరిసంఖ్య. రెండవదానికి శ్రుతహాని, అశ్రుతకల్పన, ప్రాప్తబాధ అనే మూడు దోషాలను మీమాంసకులు చెప్పారు.

ఈ పద్ధతిని లౌకిక శాసనాలకు అన్వయించడం కొత్త కాదు. కిశోరీలాల్ సర్కార్ 1905 నాటి టాగోర్ న్యాయోపన్యాసాలలో మీమాంసా సూత్రాలను హిందూ ధర్మశాస్త్ర వ్యాఖ్యానానికి సాధనంగా విస్తృతంగా చర్చించాడు. విధానపత్రానికి వేదప్రామాణ్యాన్ని ఆపాదించడం ఇక్కడి ఉద్దేశం కాదు. పత్రంలో పని ఏది, పొగడ్త ఏది అని వేరుచేయడానికి ఈ పరిభాష సాయపడుతుంది. అంతవరకే దాని ప్రయోజనం.

3. పెరూ బిల్లు: తొలగించినది దేనిని?

2001 డిసెంబరులో పెరూ పార్లమెంటు సభ్యుడు ఎడ్గార్ విల్లానుయేవా 1609వ నంబరు బిల్లును ప్రతిపాదించాడు. ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను 'మాత్రమే' వాడాలన్నది దాని సారం. 2002 మార్చిలో మైక్రోసాఫ్ట్ సంస్థ పెరూ శాఖ అధిపతి ఈ బిల్లుకు అభ్యంతరం తెలుపుతూ లేఖ రాశాడు. చట్టం ముందు సమానత్వం, వివక్షరాహిత్యం, స్వేచ్ఛా పోటీ అనే సూత్రాలను బిల్లు ఉల్లంఘిస్తుందన్నది అందులోని ప్రధాన వాదం. అదే సంవత్సరం ఏప్రిల్ 8న విల్లానుయేవా ఇచ్చిన సుదీర్ఘ సమాధానం ఈ రంగంలో అత్యధికంగా చదివిన పాఠాలలో ఒకటి.

మీమాంస పరిభాషలో చెప్పాలంటే, అభ్యంతరకర్త బిల్లును ఉత్పత్తులపై పరిసంఖ్యగా చదివాడు. కొన్ని సంస్థల సరుకును మార్కెట్ నుంచి తొలగించడమే దాని తాత్పర్యమని ఆ పఠనం. విల్లానుయేవా సమాధానం ఈ పఠనాన్ని వేరు నుంచి తొలగిస్తుంది. యాజమాన్య సాఫ్ట్‌వేర్ తయారీని గాని, అమ్మకాన్ని గాని, ప్రైవేటు వాడకాన్ని గాని బిల్లు నిషేధించదు. ఏ ఉత్పత్తి కొనాలో, ఎవరి దగ్గర కొనాలో చెప్పదు. కొనుగోలు ఒప్పందంలో ఏ షరతులు ఉండాలో మాత్రమే చెబుతుంది. ఆ షరతులకు ఒప్పుకున్న ఏ సంస్థయినా, అభ్యంతరం తెలిపిన సంస్థతో సహా, సరఫరా చేయవచ్చు. కాబట్టి ఉత్పత్తుల తొలగింపు అన్నది పాఠంలో లేనిదానిని కల్పించడం, అంటే అశ్రుతకల్పన.

సమాధానంలో మరింత విలువైన భాగం ఆ షరతులకు చూపిన ప్రయోజనం. పౌరుడికి ప్రభుత్వ సమాచారం స్వేచ్ఛగా అందడం, ఆ సమాచారం శాశ్వతంగా నిలవడం, రాజ్యానికీ పౌరుడికీ భద్రత కలగడం అన్న మూడు సూత్రాలను అతను ముందుంచాడు. ధర తక్కువ కావడం వీటిలో లేదు. ఖర్చును అతను చర్చించాడు, కాని దానిని పునాదిగా చేసుకోలేదు. అర్థవాదాన్ని విధికి హేతువుగా నిలబెట్టకపోవడమే ఆ లేఖ బలం. ధర రేపు మారవచ్చు, యాజమాన్య సంస్థ ఉచితంగానే ఇస్తాననవచ్చు. అప్పుడు కూడా పై మూడు సూత్రాలు నిలుస్తాయి.

అయినా ఒక లోపాన్ని గుర్తించక తప్పదు. బిల్లులోని 'మాత్రమే' అన్న పదం శ్రౌతపరిసంఖ్యను శబ్దంతోనే సూచిస్తుంది. తొలగించదలచినది ఉత్పత్తులను కాదు, షరతులను అయినప్పుడు ఆ పదం షరతుల పక్కన ఉండాలి. అది సాఫ్ట్‌వేర్ పక్కన ఉండడం వల్ల ప్రత్యర్థి పఠనానికి పాఠమే చోటిచ్చింది. లేఖ ఎంత స్పష్టంగా వ్యాఖ్యానించినా, వ్యాఖ్యానం శాసనం కాదు. చివరకు 2005లో వెలువడిన 28612వ నంబరు చట్టం సాంకేతిక తటస్థతను సూత్రంగా స్వీకరించి, సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు ముందు సాంకేతిక మూల్యాంకన నివేదికను తప్పనిసరి చేసింది. 'ఇదే వాడాలి' అన్న విధి 'ఎందుకు కొంటున్నారో నివేదిక రాయాలి' అన్న విధిగా మారింది. ఈ మార్పు పెరూకే పరిమితం కాదని తరువాతి పాఠం చూపుతుంది.

4. భారత ప్రభుత్వ 2015 విధానపత్రం

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక విభాగం 2015 మార్చిలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణపై విధానపత్రాన్ని వెలువరించింది. వేగవంతమైన స్వీకరణకు చట్రం కల్పించడం, ఈ-పాలన వ్యవస్థలపై దీర్ఘకాలిక నియంత్రణ ప్రభుత్వం చేతిలో ఉండేలా చూడడం, మొత్తం వ్యయాన్ని తగ్గించడం అన్నవి దాని లక్ష్యాలు. కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నింటికీ, స్వయంగా స్వీకరించిన రాష్ట్ర ప్రభుత్వాలకూ ఇది వర్తిస్తుంది. కొత్త వ్యవస్థలూ, పాతవాటి కొత్త రూపాలూ దీని పరిధిలో ఉన్నాయి.

ఈ పత్రంలోని వాక్యాలను వరుసగా పరిశీలిస్తే మూడు స్థాయిలు కనిపిస్తాయి. మొదటిది లక్ష్యాల స్థాయి, అది అర్థవాదం. రెండవది విధానప్రకటన: యాజమాన్య సాఫ్ట్‌వేర్‌తో పోల్చినప్పుడు ఓపెన్ సోర్స్‌ను ప్రాధాన్యంగల ఎంపికగా స్వీకరించడానికి ప్రభుత్వం ప్రయత్నిస్తుందని అది చెబుతుంది. ఇక్కడ క్రియ 'స్వీకరించడం' కాదు, 'ప్రయత్నించడం'. ప్రయత్నం జరగలేదని నిరూపించడం దాదాపు అసాధ్యం కనుక ఉల్లంఘనకు అవకాశం లేని విధి ఇది. ఉల్లంఘించడానికి వీలులేని విధి పాటించడానికీ ఏమీ మిగల్చదు.

మూడవ స్థాయిలో మాత్రమే నిజమైన ఆజ్ఞ ఉంది. ప్రతిపాదనలను ఆహ్వానించే ప్రతి టెండర్ పత్రంలోనూ, సరఫరాదారులు ఓపెన్ సోర్స్‌ను కూడా పరిశీలించాలన్న నిర్దిష్ట షరతు పెట్టాలి. దానిని వదిలిన సరఫరాదారు కారణం చూపాలి. ప్రభుత్వ సంస్థ సామర్థ్యం, వ్యూహాత్మక నియంత్రణ, విస్తరణకు వీలు, భద్రత, జీవితకాల వ్యయం, నిర్వహణ సహాయం అనే ప్రమాణాలతో రెండింటినీ పోల్చి నిర్ణయించాలి. వేరే ఏ ప్రమాణం వల్లా ప్రాప్తించని పని ఇది కనుక దీనిని అపూర్వవిధి అనవచ్చు. అయితే ఈ విధి ఆజ్ఞాపించినది ఓపెన్ సోర్స్ వాడకాన్ని కాదు. కారణ వివరణను.

ఈ నిర్ధారణ పత్రాన్ని తక్కువ చేయడానికి కాదు. కారణం చెప్పవలసిన భారాన్ని మార్చడం చిన్న పని కాదు. అంతకుముందు ఓపెన్ సోర్స్ కావాలనే అధికారి కారణం చెప్పుకోవలసి వచ్చేది. ఈ పత్రం తరువాత, కనీసం కాగితం మీద, వద్దనేవారు కారణం చెప్పాలి. అసలు లోపం వేరే చోట ఉంది. కారణం ఎవరికి చెప్పాలి, అది సరిపోతుందో లేదో ఎవరు తేల్చాలి, దానిని ప్రచురించాలా వద్దా అన్న ప్రశ్నలకు విధివాక్యం సమాధానమివ్వదు. సరఫరాదారు రాస్తాడు, కొనుగోలు సంస్థ చదువుతుంది, దస్త్రం మూతపడుతుంది. శ్రోత లేని వివరణ ఆచారంగా మిగిలిపోతుంది.

5. మినహాయింపులో దాగిన విధి

పత్రం మూడు సందర్భాలలో మినహాయింపును అనుమతిస్తుంది. ప్రత్యేక రంగాలలో అవసరానికి తగిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లేకపోవడం మొదటిది. అత్యవసర లేదా వ్యూహాత్మక అవసరం రెండవది. గుర్తించిన సాంకేతికతలలో నైపుణ్యం లేకపోవడం మూడవది. మొదటి రెండు బయటి పరిస్థితులు. మూడవది అలా కాదు, అది సంస్థ తన గురించి తాను చెప్పుకునే మాట. నైపుణ్యం లేదు కనుక వాడము. వాడము కనుక నైపుణ్యం రాదు. ఇది అన్యోన్యాశ్రయ దోషం. ఈ మినహాయింపుకు గడువు లేదు. దానిని వాడుకున్న సంస్థ ఫలానా కాలంలోగా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్న షరతు కూడా లేదు. రోకలి పట్టడం రాకపోతే గోళ్ళతో ఒలవవచ్చునని చెబితే నియమవిధి నిలవదు.

నైపుణ్యలేమి తీర్చలేని కొరత కాదని కేరళ అనుభవం చెబుతుంది. 2001-02లో మొదలైన ఐటీ@స్కూల్ పథకం తొలిదశలో యాజమాన్య సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడింది. ఉపాధ్యాయ సంఘాల అభ్యంతరాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుల కృషి కలిసి, ఆ పథకం క్రమంగా గ్ను/లైనక్స్‌కు మారింది. రాష్ట్ర ప్రభుత్వం 2007 నాటి ఐటీ విధానంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు స్పష్టమైన స్థానం కల్పించింది. 2017లో ఈ పథకం కైట్ అనే ప్రభుత్వ సంస్థగా రూపొందింది. ఇందులో గమనించదగినది ఆజ్ఞ తీవ్రత కాదు, శిక్షకుల ఎంపిక. తోటి ఉపాధ్యాయులనే శిక్షకులుగా తయారుచేయడం, పాఠ్యపుస్తకాన్నీ పరీక్షనూ అదే సాఫ్ట్‌వేర్ చుట్టూ నిర్మించడం, మలయాళ లిపికి పనిచేసే ఫాంట్లు స్వచ్ఛంద కృషితో అందుబాటులోకి రావడం కలిసి నైపుణ్యాన్ని సృష్టించాయి. అక్కడ నైపుణ్యం మినహాయింపుకు కారణం కాలేదు, విధికి అంగమైంది.

6. మ్యూనిక్: పాటించిన విధి, వెనక్కి తీసుకున్న విధి

కేరళ ఉదాహరణను మాత్రమే చూపితే వాదం ఏకపక్షమవుతుంది. జర్మనీలోని మ్యూనిక్ నగర పాలకమండలి 2003లో తన కంప్యూటర్లను లైనక్స్‌కు మార్చాలని నిర్ణయించింది. లిముక్స్ అన్న పేరుతో సాగిన ఈ మార్పు 2013 నాటికి దాదాపు 15 వేల కంప్యూటర్లకు చేరింది. 2014లో మేయర్ మారాడు. సిబ్బంది ఫిర్యాదులు, బయటి సంస్థలతో దస్త్రాలు ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బందులు చర్చకు వచ్చాయి. 2017 నవంబరులో పాలకమండలి తిరిగి విండోస్‌కు మారాలని నిర్ణయించింది. 2020లో ఏర్పడిన సంకీర్ణం, ప్రజల సొమ్ముతో తయారైన కోడ్ ప్రజలకే చెందాలన్న సూత్రాన్ని మళ్ళీ స్వీకరించింది.

ఈ కథను ఇరుపక్షాలూ తమ తమ నీతికి ఉదాహరణగా చెప్పుకుంటాయి. పాఠవిమర్శకు ఇందులో కనిపించేది వేరు. నగరం చేయించిన 2016 నాటి సలహా నివేదిక ఐటీ విభాగాల సంస్థాగత లోపాలను కూడా ఎత్తిచూపింది. అంటే, కారణాలలో ఏది సాఫ్ట్‌వేర్‌కు చెందినది, ఏది కార్యాలయ నిర్మాణానికి చెందినది అని వేరుచేయవలసిన ప్రశ్న అక్కడ బహిరంగంగా ఉంది. నిర్ణయాలు పాలకమండలి సమావేశంలో చర్చతో, ఓటుతో జరిగాయి కనుక పౌరులు వాటితో విభేదించగలిగారు, తరువాతి పాలకులు వాటిని సవరించగలిగారు. విధి వెనక్కి పోయినా వివరణకు శ్రోత ఉన్నాడు. 2015 భారతీయ పత్రంలో లోపించినది సరిగ్గా ఇదే.

7. తెలుగు దస్త్రాల పరీక్ష

విల్లానుయేవా చెప్పిన రెండవ సూత్రం, సమాచారపు శాశ్వతత్వం, తెలుగువారికి దూరదేశపు సిద్ధాంతం కాదు. యూనికోడ్‌లో తెలుగుకు స్థానం 1991 నుంచీ ఉంది. అయినా అచ్చుపనికీ, కార్యాలయాల టైపింగుకూ చాలాకాలం యూనికోడేతర ఫాంట్లే ఆధారమయ్యాయి. వీటిలో తెలుగు అక్షరాలను ఆంగ్ల అక్షరాల సంకేతస్థానాలలో, ఒక్కో తయారీదారు ఒక్కో క్రమంలో అమర్చారు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో దస్త్రం తెలుగులా కనిపిస్తుంది, లేని యంత్రంలో అర్థంలేని గుర్తుల వరుసగా మారుతుంది. అందులో ఒక పేరును వెతకడం, వాటిని అకారాదిక్రమంలో అమర్చడం, మరొక కార్యాలయపు జాబితాతో సరిపోల్చడం సాధ్యం కాదు. దస్త్రం ప్రభుత్వానిది, భాష ప్రజలది. దానిని చదివించే పట్టిక మాత్రం మూడో వ్యక్తిది.

ఈ ఉదాహరణ ఓపెన్ సోర్స్ పక్షానికి కూడా ఒక హెచ్చరిక. అలాంటి ఫాంటుతో రాసిన దస్త్రాన్ని లిబ్రెఆఫీస్‌లో తెరిచినంత మాత్రాన అది చదవదగినది కాదు. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛకు ముందు సంకేతపద్ధతి, దస్త్రరూపం బహిరంగ ప్రమాణాలకు లోబడాలి. భారత ప్రభుత్వం 2009లో యూనికోడ్‌ను ఈ-పాలనకు ప్రమాణంగా ప్రకటించి, 2010లో బహిరంగ ప్రమాణాల విధానాన్ని వెలువరించింది. ప్రమాణం మొదట, సాఫ్ట్‌వేర్ తరువాత అన్న ఈ కాలక్రమం తర్కబద్ధమైనదే. 2015 పత్రాన్ని ఆ రెండింటి నుంచి విడదీసి చదవడం వల్ల దాని ప్రయోజనం ఖర్చు తగ్గింపుగా కుదించుకుపోయింది.

నైపుణ్యం, వనరులు లేవన్న మాట తెలుగు విషయంలో ఎంతవరకు నిలుస్తుంది? తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు లైనక్స్ పంపిణీలలో చాలాకాలంగా లభిస్తున్నాయి. సిలికానాంధ్ర ద్వారా మండలి, రామభద్ర, మల్లన్న, గిడుగు, గురజాడ మొదలైన ఫాంట్లు బహిరంగ లైసెన్సుతో విడుదలయ్యాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లైనక్స్ వ్యవస్థను రూపొందించింది. పనిముట్లు ఉన్నాయి. వాటిని వాడకపోవడానికి ఒక కార్యాలయం కారణం చెబితే, ఆ కారణం చదివే హక్కు ఆ దస్త్రంలో తన పేరున్న పౌరుడికి ఉండాలి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఓపెన్ సోర్స్ విధానపత్రాలలో 'తప్పనిసరి' అన్న పదం ఎక్కడుందన్నది కాదు, ఆ పదం ఏ క్రియను పట్టుకొని ఉందన్నది ముఖ్యం. పెరూలో వాడకం మీద మొదలైన విధి నివేదిక మీద స్థిరపడింది. భారతీయ పత్రంలో అది మొదటినుంచీ కారణ వివరణ మీదనే ఉంది. కాబట్టి ఈ పత్రాన్ని 'ఎన్ని కంప్యూటర్లు మారాయి' అన్న లెక్కతో మాత్రమే కొలవడం పాఠానికి న్యాయం చేయదు. 'ఎన్ని వివరణలు వచ్చాయి, వాటిని ఎవరు చదివారు' అని అడగడమే దాని విధికి తగిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు తగిన సాధనం చట్టంలో ఇప్పటికే ఉంది. సమాచార హక్కు చట్టం 2005, 4వ సెక్షన్ పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను ప్రభావితులకు తెలపాలని ప్రభుత్వ సంస్థలను ఆదేశిస్తుంది. ఓపెన్ సోర్స్‌ను వదిలిన ప్రతి కొనుగోలుకూ చూపిన కారణాన్ని ఈ సెక్షన్ స్ఫూర్తితో ప్రచురించడం, నైపుణ్యలేమి మినహాయింపుకు గడువునూ శిక్షణ షరతునూ జోడించడం అన్న రెండు సవరణలు చాలు. వాణిజ్య రహస్యం పేరుతో 8వ సెక్షన్ కింద అభ్యంతరం రావచ్చు. కాని ధరల వివరాలను గోప్యంగా ఉంచుతూనే కారణాన్ని వెల్లడించడం సాధ్యమే. అవసరానికి యాజమాన్య సాఫ్ట్‌వేరే తగినదని తేలితే ఆ మాటను అందరూ చదివేలా చెప్పడానికి ఏ కార్యాలయమూ సంకోచించనక్కరలేదు. సోర్స్ కోడ్‌ను తెరవలేని చోట కూడా నిర్ణయాన్ని తెరిచి ఉంచవచ్చు. 2015 పత్రం విధించినది వివరణ కనుక, ఆ వివరణకు పౌరుణ్ణి శ్రోతగా చేసినప్పుడే అందులోని విధివాక్యం సార్థకమవుతుంది.